సెకండ్ హ్యాండ్ ఎలక్ట్రిక్ కారు కొనాలన్నా అమ్మాలన్నా: బెజవాడ, గుంటూరులో రేటు కట్టే పద్ధతి

పాత ఎలక్ట్రిక్ కారు బేరంలో ఇద్దరూ తప్పు లెక్కతోనే మొదలెడతారు. అమ్మేవాడు ఇన్వాయిస్ బయటికి తీసి "పదహారు లక్షలు పోశానండీ, ఇంకా ఐదేళ్లు కూడా నిండలేదు, పది పదకొండు అన్నా రాకపోతే ఎట్టా" అంటాడు. ఆటోనగర్ బ్రోకర్ బానెట్ కూడా ఎత్తకుండానే "బ్యాటరీ పోతే మళ్లీ లక్షలు ఎవడు పెడతాడు సార్, నాలుగున్నరకైతే పార్టీ రెడీగా ఉంది" అంటాడు. ఆ ఇన్వాయిస్ కాగితానికి ఇవాళ విలువ లేదు, ఆ బ్యాటరీ భయానికి ఆధారం లేదు, ఎందుకంటే ఇద్దరిలో ఒక్కరు కూడా బ్యాటరీ చెక్ చేసి ఉండరు.

నేను చూసేది మూడే. అదే రేంజి ఇచ్చే కొత్త కారు ఇవాళ షోరూంలో ఎంతకొస్తుంది, పాత కారుకి బ్యాటరీ వారంటీ ఇంకా ఎన్నాళ్లుంది, ఇప్పుడు ఆ బ్యాటరీలో నిజంగా ఎన్ని యూనిట్లు పడుతున్నాయి. పెయింటు, సీటు కవర్లు, సన్‌రూఫ్, అవన్నీ వీటి తర్వాత, బేరం చివర్లో ఐదు పదివేల దగ్గర కొట్టుకోడానికి పనికొస్తాయి అంతే.

ముందు రేటు ఎందుకు అంత పడిపోద్దో చూద్దాం

పెట్రోల్ కారుకి కొత్త రేటు ఏటా పెరుగుతూ ఉండేది, అందుకని పాత కారు పెద్దగా పడినట్టు కనపడేది కాదు. ఈవీలో, అంటే ఎలక్ట్రిక్ కారులో, ఇది తిరగబడింది. టాటా నెక్సాన్ ఈవీ 2020 జనవరిలో వచ్చినప్పుడు 13.99 లక్షల దగ్గర మొదలైంది, ఎక్స్ షోరూం, అంటే రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ కలపని రేటు. తర్వాత పెరిగింది. 2024 ఫిబ్రవరిలో టాటా వాళ్లు దాని మీద 1.2 లక్షల దాకా, టియాగో ఈవీ మీద 70 వేల దాకా తగ్గించారు. అదే ఏడాది సెప్టెంబర్లో పండగ ఆఫర్ అని నెక్సాన్ ఈవీని 3 లక్షల దాకా దించి 12.49 లక్షల నుంచి అమ్మారు. ఎంజీ వాళ్ల చిన్న ఈవీ కామెట్ కూడా 7.98 లక్షలకి వచ్చి ఏడాది తిరక్కుండానే 6.99కి దిగింది. అంటే పాత ఓనర్ కారు షెడ్డులో కదలకుండా ఉన్నా సరే, కంపెనీ ఒక్క ప్రకటనతో ఆయన జేబులోంచి లక్ష రూపాయలు తీసినట్టే. కొనేవాడు వచ్చి "కొత్తదే పన్నెండున్నరకి వస్తుంటే నీ పాతది పదకొండుకి ఎందుకు తీస్కోవాలి" అంటే సమాధానం ఉండదు.

2025 సెప్టెంబర్ 22 నుంచి ఇంకో దెబ్బ. కొత్త ఈవీకి జీఎస్టీ ముందు నుంచీ 5 శాతమే, అది మారలేదు, కానీ చిన్న పెట్రోల్ కార్ల మీద 28 శాతం ప్లస్ సెస్సు ఉన్నది 18కి దిగింది. పెట్రోల్ నెక్సానే 1.55 లక్షల దాకా తగ్గింది. కొత్త పెట్రోల్ కారు చవకైతే పాత ఈవీ కూడా కొంత కిందకి దిగాల్సిందే, ఎందుకంటే మన దగ్గర కొనేవాళ్లలో చాలామంది "ఈవీనా పెట్రోలా" అని ఊగిసలాడేవాళ్లే కదా.

మూడోది రేంజి. 2020 నెక్సాన్ ఈవీకి 30.2 కిలోవాట్ అవర్ (అంటే 30.2 యూనిట్ల) బ్యాటరీ, కాగితం మీద 312 కిలోమీటర్లు, రోడ్డు మీద ఏసీ వేసుకుని పోతే 200 అటూ ఇటూ. తర్వాత 40.5 వచ్చింది, 2024లో 45 వచ్చింది. ఫోన్లలాగే, కొత్త మోడల్ వచ్చినప్పుడల్లా పాతది పాడవకపోయినా పాతబడిపోద్ది. కానీ ఇక్కడ మన ఊళ్ల వాళ్లకి ఒక లాభం ఉంది, దాన్ని బేరంలో వాడుకోండి. గుంటూరు నుంచి బెజవాడ ముప్పై అయిదు కిలోమీటర్లు, రోజూ వెళ్లొచ్చేవాడికి డెబ్భై, ఊళ్లో తిరుగుడు కలిపినా తొంభై దాటదు. వాడికి పాత నెక్సాన్ ఈవీ అయినా, టియాగో ఈవీ అయినా ఏ లోటూ లేదు, రాత్రి ఇంట్లో పెడితే పొద్దున్నకి ఫుల్లు. అదే నెలకి రెండు మూడు సార్లు హైదరాబాద్ పోయేవాడికి బెజవాడ నుంచి 270 పైన, దార్లో సూర్యాపేట దగ్గరో ఎక్కడో ఆగి చార్జింగ్ పెట్టక తప్పదు. వాడు ఎంత చవకొచ్చినా పాత చిన్న బ్యాటరీ కారు కొనకూడదు, కొంటే మళ్లీ ఏడాదిలో అదే కారుని అమ్మకానికి పెడతాడు, అప్పుడు ఇంకో లక్ష పోద్ది.

అంకె వేసే పద్ధతి

ఇన్సూరెన్స్ వాళ్లు ఐడీవీ (కారు పూర్తిగా పోతే ఇచ్చే విలువ) కట్టే పట్టిక ఒకటుంది, మొదలెట్టడానికి అది బాగుంటది. ఆర్నెల్ల లోపు 5 శాతం, ఏడాది లోపు 15, రెండేళ్ల లోపు 20, మూడేళ్ల లోపు 30, నాలుగేళ్ల లోపు 40, ఐదేళ్ల లోపు 50 శాతం తరుగు. ఇందులో చాలామంది గమనించని విషయం ఏంటంటే, ఆ తరుగు తీసేది మీరు కొన్నప్పటి బిల్లు మీద కాదు, కంపెనీ ఇప్పుడు ఆ మోడల్‌కి పెట్టిన రేటు మీద. ఈవీకి సరిగ్గా సరిపోయే లెక్క ఇదే.

ఒక ఉదాహరణ వేద్దాం. నాలుగున్నరేళ్ల నెక్సాన్ ఈవీ, 30.2 బ్యాటరీ, అరవై వేల కిలోమీటర్ల లోపు, ఒకే ఓనర్. దానికి దగ్గరగా ఉన్న కొత్తది 12.49 లక్షలు అనుకుందాం, ఈ అంకె మాత్రం మీరు బేరానికి పోయే రోజు షోరూంకి ఫోన్ చేసి కనుక్కోండి, ఆఫర్లతో సహా. ఐదేళ్ల లోపు కాబట్టి సగం తీస్తే 6.25 లక్షలు. ఇది గీత. బ్యాటరీ టెస్టులో బాగా వచ్చి, సర్వీసులన్నీ కంపెనీలోనే చేయించిన బిల్లులుంటే నేనైతే అరవై డెబ్భై వేలు పైన వేస్తా. టైర్లు అయిపోయుంటే ముప్పై వేల పైమాట తీసేస్తా. ఈవీలు బరువు ఎక్కువ, పికప్ దెబ్బకి టైర్లు త్వరగా అరుగుతాయి, అమ్మేవాళ్లు అది బాగా తెలిసే టైర్లు మార్చకుండా అమ్ముతారు. అట్టా కిందా మీదా పడి ఆరున్నర అటూ ఇటూ తేలుద్ది. ఓనర్ అడిగిన పదకొండూ కాదు, బ్రోకర్ చెప్పిన నాలుగున్నరా కాదు.

బ్యాటరీ వారంటీని దీని పక్కన పెట్టుకోండి. నెక్సాన్ ఈవీకి మొదట ఇచ్చింది 8 ఏళ్లు లేదా 1.6 లక్షల కిలోమీటర్లు, ఏది ముందైతే అది. పై ఉదాహరణలో ఇంకా మూడున్నరేళ్లు ఉంది. మూడేళ్లకి పైన మిగిలుంటే నాకు ధైర్యం, రెండేళ్ల లోపు అయితే గీత మీద లక్ష తగ్గించి మాట్లాడతా. ఏడాది మాత్రమే మిగిలిన కారుని బ్యాటరీ టెస్టు లేకుండా అసలు ముట్టుకోను. వారంటీ బుక్కు తెరిచి అందులో కెపాసిటీ ఎంత శాతం కిందకి పోతే మారుస్తారో, అసలు కెపాసిటీ తగ్గుదలకి వారంటీ ఉందా లేక బ్యాటరీ పాడైతేనేనా, అది చదవండి. "వారంటీ ఉంది సార్" అనే మాటలో ఇవన్నీ కలిసిపోతాయి.

కొత్త మోడళ్లకి లైఫ్ టైమ్ బ్యాటరీ వారంటీ అని ప్రకటనలు చూసే ఉంటారు, ఎంజీ విండ్సర్, మహీంద్రా బీఈ 6, ఎక్స్‌ఈవీ 9ఈ, టాటా హారియర్ ఈవీ. అవి మొదటి ఓనర్‌కి. రెండో చేతికి వచ్చినప్పుడు షరతులు మారతాయి, కాబట్టి సెకండ్ హ్యాండ్ యాడ్‌లో "లైఫ్ టైమ్ వారంటీ" అని రాసుంటే పట్టించుకోకండి, మీ పేరు మీదకి మారాక ఎన్నేళ్లు ఉంటదో కంపెనీ సర్వీస్ సెంటర్లో చాసిస్ నంబర్ ఇచ్చి రాతపూర్వకంగా అడగండి.

విండ్సర్, కామెట్ లాంటివి కొన్ని బ్యాటరీ అద్దె స్కీములో అమ్మారు, కారు రేటు తక్కువ, కిలోమీటర్‌కి ఇంతని బ్యాటరీకి కట్టాలి. విండ్సర్ ఈ పద్ధతిలో 9.99 లక్షలకి వచ్చింది, పైన కిలోమీటర్‌కి 3.5 రూపాయలు. అలాంటి కారు సెకండ్ హ్యాండ్‌లో బాగా చవగ్గా కనిపిస్తది, కానీ బ్యాటరీ బాకీ ఇంకా ఫైనాన్స్ వాళ్ల దగ్గరే ఉంటది. అది మీ మీదకి మారుద్దా, అమ్మేవాడు తీర్చి ఇస్తాడా, ఎంత తీర్చాలి, ఇవి తేలకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు. విండ్సర్‌కే కంపెనీ మూడేళ్ల తర్వాత 60 శాతానికి వెనక్కి తీస్కుంటాం అనే స్కీము కూడా పెట్టింది, అది ఉన్న ఓనర్ బయట ఇంకా తక్కువకి ఎందుకు అమ్ముతున్నాడో అడగాలి కదా.

ఇంకో రకం అమ్మకందార్లున్నారు, తమ వ్యాపారం పేరు మీద కొన్నవాళ్లు. డాక్టర్లు, మిర్చి వ్యాపారులు, కాంట్రాక్టర్లు. ఇన్కమ్ ట్యాక్స్ లెక్కల్లో మామూలు కారుకి ఏటా 15 శాతం తరుగు ఇస్తే ఎలక్ట్రిక్ బండికి 40 శాతం ఇస్తారు. వంద రూపాయలది మొదటేడాదికి 60, రెండో ఏడాదికి 36, మూడో ఏడాదికి 21.6. పుస్తకంలో కారు విలువ ఎప్పుడో కరిగిపోయింది కాబట్టి వాళ్లు మనసులో "ఇంతకి కొన్నా" అని పట్టుకుని కూర్చోరు. ఇలాంటి వాళ్ల దగ్గర బేరం తేలిగ్గా తెగుద్ది, నా మాట విని ముందు వీళ్లనే వెతకండి.

బ్యాటరీ ఎట్టా చూడాలి

ఇదే అసలు పని, దీనికి ఒక పూట పెట్టండి. కిలోవాట్ అవర్ అని భయపడక్కర్లేదు, కరెంటు బిల్లులో యూనిట్ అంటే అదే. 30.2 కిలోవాట్ అవర్ బ్యాటరీ అంటే ముప్పై యూనిట్ల ట్యాంకు.

కారుని ముందు రోజు రాత్రి వంద శాతం చార్జ్ చేసి పెట్టమనండి. పొద్దున్నే ట్రిప్ మీటర్ జీరో చేసి రామవరప్పాడు రింగ్ నుంచి బెంజ్ సర్కిల్, వారధి, మంగళగిరి, కాజ టోల్ మీదుగా గుంటూరు పోయి తిరిగి రండి. ఏసీ వేసుకోండి, హైవేలో ఎనభై దగ్గర ఉంచండి. తిరిగొచ్చాక మూడు అంకెలు ఫోటో తీస్కోండి, కిలోమీటర్లు, సగటు ఖర్చు, మిగిలిన శాతం. ఉదాహరణకి 70 కిలోమీటర్లు తిరిగింది, సగటు కిలోమీటర్‌కి 130 వాట్ అవర్ చూపిస్తోంది, శాతం 100 నుంచి 67కి దిగింది. 70 ని 130 తో గుణిస్తే 9,100, అంటే 9.1 యూనిట్లు ఖర్చయినయ్. 33 శాతానికి 9.1 యూనిట్లు అయితే వంద శాతానికి దాదాపు 27.6. కొన్ని కార్లలో సగటు వంద కిలోమీటర్లకి 13 యూనిట్లు అన్నట్టు చూపిస్తది, రెండూ ఒకటే.

ఇక్కడ 30.2 రాలేదని గొడవ పడకండి. కొత్త కారులో కూడా బ్యాటరీ మొత్తం వాడుకోనివ్వదు, పైనా కిందా కొంచెం దాచుకుంటది. 30.2 దానికి 27, 28 వస్తే మంచి బ్యాటరీ కింద లెక్క. 25 వస్తే రేటు తగ్గించాలి. 24 కిందకి వస్తే మాత్రం కంపెనీ సర్వీస్ సెంటర్ రిపోర్టు లేకుండా ముందుకి పోవద్దు. ఊళ్లో పది కిలోమీటర్లు తిప్పి ఈ లెక్క వెయ్యొద్దు, శాతం ఒకటి అటూ ఇటూ అయినా మొత్తం తారుమారవుద్ది. ఎంత ఎక్కువ దూరం తిప్పితే అంత కరెక్టు.

రెండో దారి చార్జింగ్ వైపు నుంచి. కారు 20 శాతానికి దిగాక ఇంట్లో పదిహేను ఆంపియర్ల ప్లగ్గుకి, మధ్యలో యూనిట్లు చూపించే చిన్న మీటర్ పెట్టి చార్జ్ చెయ్యండి. 28 యూనిట్ల బ్యాటరీలో 80 శాతం అంటే 22.4, చార్జింగ్‌లో పది పదిహేను శాతం వేడి కింద పోద్ది కాబట్టి మీటర్‌లో పాతిక యూనిట్ల దాకా తిరగాలి. ఇరవై, ఇరవై ఒకటికే ఫుల్లు అని ఆగిపోతే ఆ బ్యాటరీలో మిగతా చోటు లేనట్టే. కాకపోతే దీనికి రాత్రంతా కారు మీ దగ్గర ఉండాలి, తెలిసినవాళ్ల కారు అయితేనే కుదురుద్ది.

టాటా కార్లలో ఉండేది లిథియం, ఐరన్, ఫాస్ఫేట్ వాడే ఎల్ఎఫ్‌పీ రకం బ్యాటరీ. ఎక్కువకాలం మన్నుద్ది, కానీ దీంట్లో ఒక తిక్క ఉంది. వోల్టేజి చాలాసేపు ఒకేలా ఉండడం వల్ల ఎంత మిగిలిందో కంప్యూటర్‌కి సరిగ్గా తెలీదు, అందుకే అప్పుడప్పుడూ వంద శాతం నింపాలి. యార్డులో రెండు మూడు నెలలు కదలకుండా పడున్న కారుని తెచ్చి టెస్టు చేస్తే 30 శాతం దగ్గర నుంచి ఠక్కున 18కి పడొచ్చు. అప్పుడే బ్యాటరీ పోయిందని తీర్మానించకండి, రెండు సార్లు ఫుల్లు చేసి మళ్లీ చూడమనండి. అప్పుడూ అట్టాగే దూకుతుంటే సెల్స్ మధ్య తేడా వచ్చినట్టు, అది సర్వీస్ సెంటర్ పని. వాళ్ల స్కానర్‌లో బ్యాటరీ హెల్త్, సెల్ వోల్టేజీల తేడా కనపడతాయి. రిపోర్టు ఖర్చు అమ్మేవాడిని పెట్టమనండి, నిజంగా బాగున్న కారు అయితే వాడే సంతోషంగా తెస్తాడు.

బ్యాటరీ తగ్గుదల గురించి విదేశీ లెక్కలు ఏడాదికి రెండు శాతం అటూ ఇటూ అని చెప్తాయి. బాగానే ఉంది కానీ అవి రోహిణి కార్తెలో బెజవాడ ఎండకి నిలబెట్టిన బళ్లు కావు. అందుకే కూలింగ్ ఏ రకమో అడగండి. నెక్సాన్, టియాగో ఈవీలకి లిక్విడ్ కూలింగ్. సిట్రోయెన్ ఇసీ3 కి గాలితోనే. మన ఎండల్లో, ముఖ్యంగా ఫాస్ట్ చార్జింగ్ మీదే బతికిన కారు అయితే, గాలితో చల్లబడే బ్యాటరీకి నేను ఇంకో పావు లక్ష నుంచి అర లక్ష తగ్గిస్తా. కారు ఎక్కడ పార్కింగ్ చేసేవాడో ఇంటికి పోయి చూడండి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నీడన ఉన్న కారుకీ, రోడ్డు మీద ఎండలో వంద శాతం చార్జ్ పెట్టి వదిలేసిన కారుకీ తేడా ఉంటది.

ఏసీ చార్జింగ్ (ఇంట్లో ప్లగ్గుతో నెమ్మదిగా ఎక్కేది), డీసీ ఫాస్ట్ చార్జింగ్ (బయట స్టేషన్లో త్వరగా ఎక్కేది) రెండూ పెట్టి చూడకుండా డబ్బులు ఇవ్వొద్దు. ఇంట్లోనే పెట్టుకునే ఓనర్ డీసీ పోర్టు ఏనాడూ వాడి ఉండడు, అది పనిచేస్తుందో లేదో వాడికే తెలీదు. పన్నెండు వోల్టుల చిన్న బ్యాటరీ కూడా చూడండి, అది పడుకుంటే అంత పెద్ద బ్యాటరీ ఫుల్లుగా ఉన్నా కారు ఆన్ అవ్వదు.

బుడమేరు కార్లు

దీని గురించి కొంచెం గట్టిగా చెప్పాలి. 2024 సెప్టెంబర్ 1న బెజవాడలో బుడమేరు వాగు పొంగి సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట, వాంబే కాలనీ, కండ్రిక వైపు ఇళ్లలోకి నీళ్లొచ్చినయ్, రోజుల తరబడి తియ్యలేదు. అప్పుడు మునిగిన బళ్లలో బాగుచేసి మళ్లీ మార్కెట్లోకి వదిలినవి ఉంటాయి. పెట్రోల్ కారు మునిగితే ఇంజిన్ విప్పి కడిగి తిప్పొచ్చు. ఈవీలో బ్యాటరీ ప్యాక్ కారు కింద ఉంటది. ఐపీ67 అని కంపెనీ చెప్పేది ఒక మీటర్ లోతు నీళ్లలో అరగంట తట్టుకోడానికి, బురద నీళ్లలో మూడు రోజులు నానడానికి కాదు. లోపలికి చెమ్మ దూరితే ఇవాళ నడుస్తది, ఏడాది తర్వాత ఇన్సులేషన్ ఫాల్ట్ అని రోడ్డు మీద ఆగుద్ది, వారంటీ అడిగితే నీళ్లలో మునిగిందని తోసేస్తారు.

నంబర్ ప్లేట్ చూసి ఏ ఊరి బండో ఇప్పుడు తెలీదు. ఒకప్పుడు ఏపీ 16 అంటే బెజవాడ, ఏపీ 07 అంటే గుంటూరు, 2019లో ఏపీ 39 మొదలయ్యాక రాష్ట్రమంతా ఒకటే సిరీస్. ఏలూరులోనో ఒంగోలులోనో అమ్ముతున్న కారు ఆ రోజు సింగ్ నగర్‌లో ఉందేమో ప్లేట్ చెప్పదు, ఆర్సీలో అడ్రసు, మొదటి ఓనర్ ఎవరో చూడాలి.

కాగితాల్లో పట్టుకునే చిట్కా ఇన్సూరెన్స్ పాలసీలో ఉంది. క్లెయిమ్ లేకుండా నడిస్తే నో క్లెయిమ్ బోనస్ ఏటా 20, 25, 35, 45, 50 శాతం అని పెరుగుతూ పోద్ది. క్లెయిమ్ చేస్తే తర్వాత రెన్యూవల్‌లో సున్నా. 2024 సెప్టెంబర్‌కి ముందు పాలసీ, తర్వాత పాలసీ రెండూ పక్కపక్కన పెట్టండి. ముందు దాంట్లో 35 ఉండి తర్వాత దాంట్లో సున్నా ఉంటే ఏదో క్లెయిమ్ జరిగింది, ఏంటో చెప్పాల్సింది ఓనరే. పాత పాలసీ కాగితం పోయింది అంటే ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి మళ్లీ తెమ్మనండి, పెద్ద పనేం కాదు. బోనస్ ప్రొటెక్షన్ తీస్కున్నవాళ్లకి సున్నా పడకపోవచ్చు, ఇన్సూరెన్సే లేకుండా బయట బాగుచేయించినవాళ్లు కూడా ఉంటారు, కాబట్టి కారుని కూడా చూడాలి.

సీట్ బెల్టుని చివరి అంగుళం దాకా లాగండి, ఎవరూ మొత్తం లాగి కడగరు, నీళ్లు నిలబడ్డ ఎత్తు దగ్గర అడ్డంగా మట్టిరంగు గీత ఉంటది. సీటు ముందుకి జరిపి కింద పట్టాల బోల్టులకి తుప్పు ఉందేమో, డిక్కీలో స్టెపినీ గుంటలో మూలల్లో ఒండ్రు ఉందేమో, మ్యాట్లు ఎత్తి ఫోము వాసన ఎట్టా ఉందో చూడండి. కొత్త మ్యాట్లు, కొత్త సెంటు వాసన రెండూ కలిసి ఉంటే నాకు ముందే అనుమానం. కింద కనపడే ఆరెంజ్ రంగు వైర్లు మాత్రం ముట్టుకోవద్దు, అవి హై వోల్టేజి, వాటి కనెక్టర్లు సర్వీస్ సెంటర్ వాడే చూడాలి.

ఎవరి దగ్గర కొనాలి, కాగితాలేంటి

డీలర్ దగ్గర, డైరెక్టుగా ఓనర్ దగ్గర కొనేదానికి రేటులో తేడా ఎందుకుంటదంటే, 2025 జనవరి నుంచి డీలర్ పాత కారు అమ్మితే మార్జిన్ మీద 18 శాతం జీఎస్టీ, ఈవీకి కూడా, ముందు పన్నెండు ఉండేది. ఐదున్నరకి కొని ఆరు లక్షల ముప్పై వేలకి అమ్మితే ఎనభై వేల మీద 14,400. మొత్తం కారు రేటు మీద 18 శాతం అని భయపెట్టే బ్రోకర్లు ఉన్నారు, నమ్మొద్దు. ఇద్దరు మామూలు మనుషుల మధ్య అమ్మకానికి జీఎస్టీ లేదు.

ప్లేట్ రంగు ఒకసారి చూడండి. పచ్చ ప్లేట్ మీద తెల్ల అక్షరాలు అయితే సొంత కారు, పసుపు అక్షరాలు అయితే ట్యాక్సీ. ట్యాక్సీగా తిరిగి సొంతానికి మార్చిన కారు కూడా ఉంటది, ఆర్సీ హిస్టరీలో తెలుస్తది. తప్పేం లేదు కానీ రోజుకి రెండు సార్లు ఫాస్ట్ చార్జింగ్ తిన్న బ్యాటరీకి సొంత కారు రేటు ఇవ్వక్కర్లేదు.

ట్రాన్స్‌ఫర్‌కి ఫారం 29, 30. లోన్ ఉంటే బ్యాంకు ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం), ఫారం 35. అమ్మినవాడు 14 రోజుల్లో చెప్పాలి, కొన్నవాడు 30 రోజుల్లో మార్పించుకోవాలి. డీలర్‌కి అమ్మేటప్పుడు ఆయన ఆర్టీఏ అధీకృత డీలర్ అయితే ఫారం 29సి ఇచ్చి ఆన్‌లైన్‌లో పెట్టించండి, అప్పుడు కారు మళ్లీ అమ్ముడయ్యేదాకా బాధ్యత ఆయనది. ఊరికే ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి రాకండి.

హైదరాబాద్‌లో ఈవీలు ఎక్కువ, చవక కూడా, అందుకే అక్కడ్నించి తెచ్చేవాళ్లు చాలామంది. తెలంగాణలో 2024 నవంబర్ 18 నుంచి 2026 డిసెంబర్ 31 దాకా ఈవీలకి రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు ఇచ్చారు, అంటే ఆ మధ్యలో అక్కడ కొన్న ఓనర్ ట్యాక్సే కట్టి ఉండడు. ఇక్కడికి తెచ్చి మన నంబర్‌కి మార్చేటప్పుడు ఆ మోడల్‌కి ఏమన్నా కట్టాలా, ఎంత, అది బేరానికి ముందే ఆర్టీఏ ఆఫీసులో అడగండి. ఫారం 28 ఎన్ఓసీ అమ్మేవాడే తెచ్చి ఇవ్వాలి, "తర్వాత పంపిస్తా అన్నా" అంటే డబ్బులు కూడా తర్వాతే ఇవ్వండి.

ఇన్సూరెన్స్ 14 రోజుల్లో పేరు మార్పించుకోవాలి. నో క్లెయిమ్ బోనస్ కారుతో రాదు, అమ్మినవాడితోనే పోద్ది, వాడు మూడేళ్ల లోపు ఇంకో కారుకి వాడుకోవచ్చు. అంటే మీకు మొదటేడాది ప్రీమియం అమ్మేవాడు చెప్పినదానికన్నా ఎక్కువే పడుద్ది, ఆ తేడా కూడా లెక్కలో వేస్కోండి.

అమ్మేవాళ్లకి

మీరు అమ్మే వైపు ఉంటే పైన చెప్పిన టెస్టులన్నీ మీరే ముందు చేస్కుని పెట్టుకోండి. గుంటూరు ట్రిప్ ఫోటోలు, సర్వీస్ సెంటర్ బ్యాటరీ రిపోర్టు, పాలసీ కాగితాలు వరసగా, ఇవి ఉన్న కారు రేటుని బ్రోకర్ భయం చెప్పి తగ్గించలేడు. అమ్మే టైము విషయానికొస్తే, బ్యాటరీ వారంటీ మూడేళ్ల పైన మిగిలుండగా అమ్మండి, ఎందుకంటే కొనేవాడు మూడేళ్లకి లోన్ తీస్కుంటే, అది తీరేదాకా వారంటీ ఉంటది, వాడూ నిమ్మళంగా కొంటాడు. దసరా ముందు మాత్రం అమ్మకానికి పెట్టకండి, అప్పుడే కంపెనీలు ఆఫర్లు కుమ్మరిస్తాయి, మీ కారు పక్కన కొత్త కారు రేటు పెట్టి మీ నోరు మూయిస్తారు. టైర్లు కొత్తవి వేసి అమ్మితే ఆ డబ్బు మొత్తం వెనక్కి రాదు, ఉన్నవాటితోనే అమ్మి రేటులో తగ్గించుకోవడం నయం.

ఇంట్లో గోడకి బిగించిన చార్జర్ కారుతో ఇస్తున్నారా లేదా ముందే చెప్పండి, దీని దగ్గర చివరి నిమిషంలో తగాదాలు చాలా చూశా. ఇస్తే విప్పి మళ్లీ బిగించే ఖర్చు ఎవరిదో కూడా మాట్లాడుకోండి. కారుతో వచ్చిన పోర్టబుల్ చార్జింగ్ కేబుల్ మాత్రం ఇవ్వాల్సిందే, కొనేవాడు అది చేతికి వచ్చాకే మిగతా డబ్బు కొట్టాలి.

తాళాలు ఇచ్చే రోజు కారు యాప్‌లోంచి మీ అకౌంట్ తీసేసి, కొన్నాయన ఫోన్‌లో ఆయన పేరు మీద లాగిన్ అయ్యేదాకా ఇద్దరూ అక్కడే ఉండండి. కనెక్టెడ్ కార్లలో ఈ పని చెయ్యకపోతే పాత ఓనర్ ఫోన్‌లో కారు ఎక్కడుందో కనిపిస్తూనే ఉంటది, కొన్నింటికి డోర్లు కూడా తెరుచుకుంటాయి, కొత్త ఓనర్‌కేమో యాప్ ఎక్కదు. కొన్ని కంపెనీలు దీనికి కొత్త ఆర్సీ అడుగుతాయి, అప్పుడు ఆర్సీ వచ్చిన రోజే మార్పిస్తానని ఒక వాట్సాప్ మెసేజ్ అయినా తీస్కోండి.